ఎంఎస్‌లో మొదటి సెమిస్టర్‌కే ఒక సబ్జెక్టులో సీ గ్రేడ్ వచ్చింది, 30 క్రెడిట్లు పూర్తి చేస్తే డిగ్రీ వచ్చేస్తుందా, థీసిస్ తీసుకోవాలా వద్దా?

టర్బైన్‌బాబు:

అందరికీ నమస్కారం. మెకానికల్‌లో బీటెక్ అయ్యాక అమెరికాలో ఎంఎస్‌లో చేరాను, మొన్ననే మొదటి సెమిస్టర్ గ్రేడ్లు వచ్చాయి. మూడు సబ్జెక్టులు, ఒక్కోటి 3 క్రెడిట్లు. ఫైనైట్ ఎలిమెంట్స్‌లో ఏ మైనస్, కంట్రోల్స్‌లో బీ, అడ్వాన్స్‌డ్ ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో సీ. జీపీఏ 2.9 చూపిస్తోంది, పోర్టల్‌లో ఎర్ర అక్షరాలతో ఏదో హెచ్చరిక కూడా పడింది, అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

చేరేటప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే, 30 క్రెడిట్లు పూర్తి చేస్తే డిగ్రీ చేతికొస్తుందని. ఇప్పుడు హ్యాండ్‌బుక్ తెరిస్తే ఒకచోట 24 ప్లస్ 6 అంటుంది, ఇంకోచోట థీసిస్ లేకపోతే కాంప్రహెన్సివ్ ఎగ్జామ్ అంటుంది, ప్లాన్ ఆఫ్ స్టడీ అంటుంది, కమిటీ అంటుంది. ఏది ముందో ఏది వెనకో అర్థం కావట్లేదు. సీనియర్లని అడిగితే సగం మంది థీసిస్ జోలికి పోకు, ప్రొఫెసర్ దయాదాక్షిణ్యాల మీద బతకాలి అంటున్నారు, మిగతా సగం థీసిస్ లేని ఎంఎస్ కూడా ఒక ఎంఎస్సేనా అంటున్నారు.

నాకు తెలియాల్సినవి: ఈ సీ వచ్చిన సబ్జెక్టు డిగ్రీకి లెక్కలోకి వస్తుందా రాదా? కంప్యూటర్ సైన్స్ వాళ్ల మెషీన్ లెర్నింగ్ కోర్సు ఒకటి తీసుకోవాలని ఉంది, అది లెక్కకొస్తుందా? థీసిస్ విషయం ఎప్పటికల్లా తేల్చుకోవాలి? నా ఫ్రెండ్స్‌లో ఒకడు జర్మనీకి, ఇంకొకడు యూకేకి అప్లై చేస్తున్నారు, వాళ్లూ ఇది చదువుతారు కాబట్టి అక్కడి పద్ధతి తెలిసినవాళ్లు కూడా నాలుగు ముక్కలు రాయండి.

గ్రాఫ్‌పేపర్:

తమ్ముడూ, ముందు ఆ ఎర్ర అక్షరాల సంగతి చూద్దాం. అది అకడమిక్ ప్రొబేషన్ నోటీసు అయి ఉంటుంది. అమెరికాలో దాదాపు అన్నిచోట్లా గ్రాడ్యుయేట్ స్కూల్‌కి కనీస జీపీఏ 3.0, అంటే సగటున బీ ఉండాలి. దానికి కిందకి జారితే ప్రొబేషన్‌లో పెడతారు, ఒకటి రెండు సెమిస్టర్లు గడువిస్తారు, అప్పటికీ పైకి రాకపోతే పంపించేస్తారు. కాబట్టి ఇది ఊరికే బెదిరింపు కాదు, అలాగని కొంపలు మునిగిపోయిందీ ఏం లేదు. కాగితం మీద లెక్క వేసి చూడు.

ఏ మైనస్‌కి 3.7, బీకి 3, సీకి 2. ఒక్కోదాన్ని 3 క్రెడిట్లతో గుణిస్తే 11.1, 9, 6, మొత్తం 26.1. దీన్ని 9తో భాగిస్తే నీ 2.9. వచ్చే సెమిస్టర్‌లో ఇంకో 9 క్రెడిట్లు తీసుకున్నావనుకో, మొత్తం 18 అవుతాయి, 18 మీద 3.0 నిలబడాలంటే 54 పాయింట్లు కావాలి. 54లోంచి 26.1 తీసేస్తే 27.9. ఒక బీ ప్లస్, రెండు బీలు వస్తే (9.9, 9, 9) సరిగ్గా 27.9, గీత మీద నిలబడతావు. బీ ప్లస్ బదులు ఏ వస్తే 3.11 దాటుతుంది. అంతే, అంతకంటే పెద్ద కొండేం లేదు నీ ముందు. కాకపోతే ఇంకో సీ వస్తే మాత్రం మిగతా రెండింటిలో ఒక ఏ, ఒక బీ ప్లస్ స్థాయిలో తెచ్చుకుంటేనే గీత మీద నిలబడతావు, కాబట్టి వచ్చే సెమిస్టర్‌లో మూడూ గట్టి సబ్జెక్టులే తీసుకుని వీరత్వం చూపించకు.

ఇప్పుడు అసలు ప్రశ్న. జీపీఏ లెక్క వేరు, డిగ్రీకి లెక్కలోకి రావడం వేరు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. సీ వచ్చిన సబ్జెక్టు జీపీఏలో ఎలాగూ ఉంటుంది, కిందకి లాగుతూనే ఉంటుంది. కానీ అది నీ 30 క్రెడిట్లలో ఒకటిగా చెల్లుతుందా అన్నది డిపార్ట్‌మెంట్ రూల్ చెప్పాలి. కొన్నిచోట్ల మొత్తం మీద జీపీఏ 3.0 ఉంటే చాలు, ఒకటో రెండో సీలు సర్దుకుంటారు. కొన్నిచోట్ల కోర్ సబ్జెక్టుల్లో కనీసం బీ రావాల్సిందే, రాకపోతే మళ్లీ చదవాలి. ఇంకా కొన్నిచోట్ల బీ మైనస్ కూడా చెల్లదు. నీ ఫ్లూయిడ్ మెకానిక్స్ కోర్ లిస్టులో ఉందా, ఎలక్టివ్ లిస్టులో ఉందా అన్నది ముందు చూడు.

ఒకవేళ మళ్లీ చదవాల్సి వస్తే ఇంకో సంగతి కనుక్కో. బీటెక్‌లోలా పాత మార్కు చెరిగిపోయి కొత్తది వస్తుందనుకోకు, గ్రాడ్యుయేట్ లెవెల్లో చాలా యూనివర్సిటీలు రెండు గ్రేడ్లనీ సగటులో ఉంచేస్తాయి. అప్పుడు నువ్వు చదివేది 33 క్రెడిట్లు, కావాల్సింది 99 పాయింట్లు, నీ దగ్గరున్నవి 26.1, మిగతా 24 క్రెడిట్ల మీద సగటున 3.04 రావాలి. చేయగలిగిందే. కానీ ఒక కోర్సు టైమూ ఫీజూ అదనం.

మెషీన్ లెర్నింగ్ కోర్సు గురించి: బయటి డిపార్ట్‌మెంట్ కోర్సులకి సాధారణంగా ఒక హద్దు పెడతారు, రెండు కోర్సులనో మూడనో, దానికి అడ్వైజర్ ఒప్పుకోలు కావాలి. కోర్సు నంబరు కూడా చూడు. చాలాచోట్ల 400 నంబర్లతో ఉండేవి డిగ్రీ చివరి ఏడాది పిల్లలవి, మాస్టర్స్‌లో వాటిని అసలు ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకున్నా ఒకటో రెండో. అదే సబ్జెక్టు 500 నంబరుతో ఇంకో పేరుతో కూడా ఉండొచ్చు, అదే క్లాసు, అదే ప్రొఫెసర్, అదనంగా ఒక ప్రాజెక్టు. రిజిస్టర్ చేసేటప్పుడు ఆ నంబరు మీదే నొక్కావా లేదా అన్నది చూసుకో.

వీటన్నిటికీ తాళం చెవి ప్లాన్ ఆఫ్ స్టడీ. అదొక ఫారం, అందులో నువ్వు డిగ్రీకోసం చదవబోయే కోర్సులన్నీ రాసి అడ్వైజర్‌తో, డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌తో సంతకం పెట్టించుకుంటావు. సంతకం పడ్డాక ఆ లిస్టులో ఉన్నవి చెల్లుతాయి, లేనివాటి గురించి ఎవరూ నీకు మాట ఇచ్చినట్టు కాదు. కారిడార్‌లో ప్రొఫెసర్ ‘ఫర్వాలేదు తీసుకో’ అన్నది ఎక్కడా రికార్డు కాదు, ఆయన సెలవు మీద వెళ్లిపోతే ఆ మాట కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది. ఏదైనా మెయిల్‌లో అడుగు, మెయిల్‌లోనే జవాబు తెప్పించుకో.

మూడోసంతకం:

నేను థీసిస్ చేసి బయటపడినదాన్ని కాబట్టి ఆ భాగం నేను రాస్తాను. 24 ప్లస్ 6 అంటే 24 క్రెడిట్ల కోర్సులు, 6 క్రెడిట్ల థీసిస్. 6 క్రెడిట్లే కదా, రెండు సబ్జెక్టులతో సమానం అనుకుని దిగితే మాత్రం అది మోసం. అమెరికాలో క్రెడిట్‌కి ఉన్న లెక్క ఏంటంటే వారానికి ఒక గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల పని, ఇలా దాదాపు 15 వారాలు. అంటే మూడు క్రెడిట్ల కోర్సుకి వారానికి తొమ్మిది గంటలు. థీసిస్‌కి ఆ లెక్క కాగితం మీదే ఉంటుంది, ల్యాబ్‌లో రిగ్ (ప్రయోగాలు చేసే యంత్రాల సెటప్) మొరాయించిన వారం గంటలెవరూ లెక్కపెట్టరు.

వరసగా జరిగేది ఇది. ముందు ఒక ప్రొఫెసర్ నిన్ను తీసుకోవాలి. తర్వాత కమిటీ, మామూలుగా ముగ్గురు, ఆయనే చైర్, ఇంకో ఇద్దరు, కొన్నిచోట్ల ఒకరు వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు ఉండాలంటారు. తర్వాత ప్రపోజల్, అంటే నువ్వు ఏం చేయబోతున్నావో, ఎలా చేస్తావో రాసి ముగ్గురితో ఒప్పించుకోవడం. ఇది లాంఛనం అని కొందరు దాటేస్తారు కానీ నా మాట వినండి, ప్రపోజల్ మీద పడ్డ సంతకాలే తర్వాత మిమ్మల్ని కాపాడతాయి. ఆఖర్లో కమిటీలో ఒకాయన ‘ఇంకో ఉష్ణోగ్రత దగ్గర కూడా టెస్టులు చేసుంటే బాగుండేది’ అన్నప్పుడు చూపించడానికి మీ దగ్గర ఒప్పుకున్న కాగితం ఉండాలి.

డిఫెన్స్ అంటే అందరూ భయపడతారు గానీ అది నిజానికి తేలికైన రోజు. ముప్పావు గంట మాట్లాడతావు, వచ్చినవాళ్లు అడుగుతారు, తర్వాత తలుపేసి కమిటీ అడుగుతుంది, నిన్ను బయటికి పంపి వాళ్లు మాట్లాడుకుంటారు. ఎక్కువమందికి వచ్చే ఫలితం ‘దిద్దుబాట్లతో పాస్’. అడ్వైజర్ మంచివాడైతే సిద్ధంగా లేని మనిషిని ఆ గదిలోకి పంపనే పంపడు.

అసలు నరకం దాని తర్వాత, ఫార్మాట్ చెక్. గ్రాడ్యుయేట్ స్కూల్‌లో ఒకరు కూర్చుని మార్జిన్లు, పేజీ నంబర్లు (ముందు పేజీలకి రోమన్ అంకెలు, అసలు చాప్టర్లకి మామూలు అంకెలు), బొమ్మల కింద రాతలు అన్నీ చూస్తారు. నా థీసిస్‌ని ఒకసారి వెనక్కి పంపారు, ఎందుకంటే బొమ్మ కింద ఉన్న వాక్యమూ ముందు బొమ్మల జాబితాలో ఉన్న వాక్యమూ అక్షరం అక్షరం కలవలేదు. ఒకచోట ‘మరియు’ ఉంది, ఇంకోచోట కామా ఉంది. చాప్టర్ 4లో ఉన్న ఫలితాలు తప్పా ఒప్పా అని అక్కడ ఎవరూ అడగలేదు సుమా!

కాబట్టి గడువులు వెనక నుంచి ముందుకి లెక్క వేసుకోండి. డిపాజిట్ గడువు, అంటే థీసిస్ ఫైనల్ కాపీని గ్రాడ్యుయేట్ స్కూల్‌కి అప్పగించే గడువు, సెమిస్టర్ ముగిసే రోజు కాదు, దానికి కొన్ని వారాల ముందే ఉంటుంది. దానికి ముందు డిఫెన్స్, డిఫెన్స్‌కి కనీసం రెండు వారాల ముందు కమిటీ చేతిలో పూర్తి డ్రాఫ్ట్, దానికంటే ముందు అడ్వైజర్ చదవడానికి టైం. ఇలా లెక్కేస్తే చివరి సెమిస్టర్‌లో కొత్తగా ప్రయోగాలు చేయడానికి మిగిలేది ఏమీ ఉండదు. గడువు దాటితే వచ్చే సెమిస్టర్‌కి మళ్లీ రిజిస్టర్ చేయాలి, అదీ ఫీజు కట్టి.

థీసిస్ టాపిక్ గురించి ఒక్క సలహా: ఇంకా ఆర్డర్ కూడా పెట్టని మెషీన్ మీద ఆధారపడే టాపిక్ తీసుకోకండి. పీహెచ్‌డీ వాళ్లకి ఎదురుచూసే టైం ఉంటుంది, మనకి ఉండదు.

నట్టుబోల్టు:

థీసిస్ వాళ్లు మాట్లాడితే మిగతావాళ్లంతా సగం డిగ్రీ చేసినట్టే మాట్లాడతారు, అందుకే రాస్తున్నా. నాది కోర్సువర్క్ ఎంఎస్. నా డిపార్ట్‌మెంట్‌లో థీసిస్ లేనివాళ్లకి 30 కాదు, 33, అంటే ఒక కోర్సు ఎక్కువ, పైగా చివర్లో కాంప్రహెన్సివ్ ఎగ్జామ్. మూడు ఏరియాల్లో రాతపరీక్ష, పుస్తకాలు చూడకూడదు. రెండుసార్ల కంటే ఎక్కువ రాయనివ్వరు. ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో చదివింది ఆఖరి సెమిస్టర్‌లో మళ్లీ తిరగేయడం అంటే ఏంటో రాసినవాళ్లకే తెలుసు. కాబట్టి ‘తేలిక దారి’ అనే మాట దయచేసి వాడకండి. కొన్నిచోట్ల ఎగ్జామ్ బదులు 3 క్రెడిట్ల ప్రాజెక్టు, ఒక రిపోర్టు ఉంటాయి, కొన్నిచోట్ల అదీ ఉండదు, ఊరికే కోర్సులు. ఎంఇంగ్ (మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగ్) అని విడిగా పేరు పెట్టి నడిపే ప్రోగ్రాములు ఎక్కువగా ఈ రకమే.

తమ్ముడికి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. థీసిస్ నుంచి నాన్ థీసిస్‌కి మారొచ్చు అని అందరూ ధైర్యం చెప్తారు, నిజమే, మారొచ్చు. కానీ అప్పటికే రిజిస్టర్ చేసిన థీసిస్ క్రెడిట్లు చాలాచోట్ల కోర్సు క్రెడిట్లుగా మారవు. 3 థీసిస్ క్రెడిట్లు తీసుకున్నాక మనసు మార్చుకుంటే ఆ 3 గాలికి పోయినట్టే. కాబట్టి నిర్ణయం తీసుకోవాల్సిన గడువు క్యాలెండర్ మీద ఎక్కడో లేదు, నువ్వు మొదటి థీసిస్ క్రెడిట్‌కి రిజిస్టర్ చేసే రోజే నీ గడువు. ఈలోగా కావాలంటే థీసిస్ ఎవరి దగ్గర చేద్దామనుకుంటున్నావో ఆ ప్రొఫెసర్ దగ్గర ఇండిపెండెంట్ స్టడీ (క్లాసు లేకుండా ఆయన కింద విడిగా చేసే పని) పేరుతో ఒక 3 క్రెడిట్లు చేసి చూడు. ఆయనతో నీకు పొసుగుతుందో లేదో ఒక సెమిస్టర్‌లో తేలిపోతుంది, ఇది చాలా ప్రోగ్రాముల్లో రెండు దారులకీ చెల్లుతుంది.

పీహెచ్‌డీ విషయం కూడా. థీసిస్ లేకపోతే పీహెచ్‌డీ రాదన్నది అబద్ధం. అమెరికాలో బ్యాచిలర్స్ నుంచే నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకునే ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్లు బోలెడు.

మూడోసంతకం:

తీసుకుంటారు, కాదనను. కానీ ఆ తీసుకునేది రికమెండేషన్ లెటర్లు చూసి. క్లాసులో ఏ తెచ్చుకున్న పిల్లాడి గురించి ప్రొఫెసర్ ఏం రాయగలడు, ‘క్లాసులో ఏ తెచ్చుకున్నాడు’ అని తప్ప? పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్ చేయండి, లేకపోతే చేయకండి, ఇందులో పరువు ప్రశ్నేమీ లేదు. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తానన్న ప్రొఫెసర్ మాత్రం థీసిస్ చేస్తారనే ఇస్తాడు, అది ముందే గుర్తు పెట్టుకోండి.

టర్బైన్‌బాబు:

చాలా థాంక్స్ అన్నా, అక్కా. ఫ్లూయిడ్ మెకానిక్స్ చూశాను, ఎలక్టివ్ లిస్టులోనే ఉంది, సీ ఒక్కదానికి ఒప్పుకుంటారని రాసుంది, కాస్త ఊపిరి పీల్చుకున్నా. ఇంకో డౌటు. థీసిస్ తీసుకుంటే ఆ 6 క్రెడిట్లకి ఎలాగూ ఏ ఇస్తారంట కదా, అవి కలిపితే జీపీఏ దానంతటదే పైకి వచ్చేస్తుంది కదా?

గ్రాఫ్‌పేపర్:

ఆ ఆశ పెట్టుకోకు తమ్ముడూ. థీసిస్ క్రెడిట్లకి ఎక్కువ చోట్ల అక్షరం గ్రేడు ఉండదు, పనికొస్తే సంతృప్తికరం, లేకపోతే అసంతృప్తికరం, మధ్యలో ‘జరుగుతోంది’ అని పెడతారు. జీపీఏలో వాటికి స్థానం లేదు. అంటే థీసిస్ దారిలో నీ జీపీఏని మోయాల్సింది 24 క్రెడిట్లే. 24 మీద 72 కావాలి, 26.1 ఉన్నాయి, మిగిలిన 15 క్రెడిట్ల మీద 45.9, సగటు 3.06. అదే కోర్సువర్క్ దారిలో 21 క్రెడిట్లు మిగిలి ఉంటాయి, సగటు 3.04 చాలు. తేడా పెద్దదేం కాదు, కానీ థీసిస్ దారిలో ఒక్క కోర్సు జారితే సర్దుకోవడానికి చోటు తక్కువ.

సెమినార్ అని ప్రతి సెమిస్టర్ సున్నా క్రెడిట్లతోనో ఒక క్రెడిట్‌తోనో ఒకటుంటుంది, అది మర్చిపోకు. ఊరికే వెళ్లి కూర్చోవడమే అనుకుని ఎగ్గొడతారు, చివర్లో ఆడిట్‌లో (డిగ్రీకి కావాల్సినవన్నీ పూర్తయ్యాయా అని చూసే తనిఖీలో) అదొక్కటే ఎర్రగా మిగిలిపోతుంది.

ఉమ్లౌట్:

జర్మనీ ఫ్రెండ్ కోసం రాస్తున్నా. ఇక్కడ లెక్క ఈసీటీఎస్‌లో, అంటే యూరప్ క్రెడిట్లలో. మామూలు రెండేళ్ల ఇంజనీరింగ్ మాస్టర్స్ 120, సెమిస్టర్‌కి 30. ఒక్క ఈసీటీఎస్ అంటే ఇక్కడ దాదాపు 30 గంటల పని, కాబట్టి ఏడాదికి 60 అంటే 1800 గంటలు. అమెరికా క్రెడిట్లతో పక్కపక్కన పెట్టి 30 ఎక్కడ 120 ఎక్కడ అని కంగారు పడకండి, కొలబద్ద వేరు.

ఇక్కడ థీసిస్ తీసుకోవాలా వద్దా అనే చర్చే లేదు, చాలామటుకు తప్పనిసరి, 30 ఈసీటీఎస్, అంటే చివరి సెమిస్టర్ మొత్తం అదే. పరీక్షల ఆఫీసులో థీసిస్‌ని రిజిస్టర్ చేసిన రోజు నుంచి గడియారం మొదలవుతుంది, సాధారణంగా ఆరు నెలలు, ఇంకొంచెం పొడిగించాలంటే గట్టి కారణం చూపించాలి. అందుకే తెలివైనవాళ్లు రిజిస్టర్ చేయకముందే చదవాల్సిన పేపర్లు, సెటప్ అంతా సిద్ధం చేసుకుంటారు. కంపెనీలో థీసిస్ చేయడం ఇంజనీరింగ్‌లో చాలా మామూలు, కానీ మార్కు వేసేది యూనివర్సిటీ ప్రొఫెసరే కాబట్టి ఆయన ముందు ఒప్పుకోవాలి. కంపెనీ వాళ్లు సరే అన్నారని ప్రొఫెసర్ దొరక్కముందే కాంట్రాక్టు మీద సంతకం పెట్టేయకండి.

రెండు సంగతులు మనవాళ్లని ఎక్కువగా దెబ్బ కొడతాయి. ఒకటి, మార్కులు తలకిందులు, 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 అంటే బొటాబొటి పాస్, 5.0 ఫెయిల్. రెండోది అసలైనది. ఒక పరీక్షకి ఎన్నిసార్లు కూర్చోవచ్చన్నదానికి హద్దుంది, చాలాచోట్ల మూడు. తప్పనిసరి సబ్జెక్టు ఒకటి మూడోసారి కూడా పోతే ఆ ప్రోగ్రాం నుంచి తీసేస్తారు, పైగా అదే కోర్సులో జర్మనీలో ఇంకో యూనివర్సిటీలో చేరడం కూడా కుదరకపోవచ్చు. సగటు బాగుంది కదా అని ఇక్కడ ఎవరూ సర్దరు, ఒక్కో పరీక్ష విడిగా గట్టెక్కాల్సిందే. ఒక ఊరట ఏంటంటే పరీక్షకి రిజిస్టర్ చేశాక గడువులోపల వెనక్కి తీసుకుంటే అది ప్రయత్నం కింద లెక్క కాదు, కాబట్టి సిద్ధంగా లేకపోతే ఆ తేదీలోపు పేరు తీయించుకోండి.

అడ్మిషన్ లెటర్‌లో కొందరికి షరతు కోర్సులు రాసి పంపుతారు, బీటెక్‌లో ఫలానా సబ్జెక్టు చదవలేదు కాబట్టి మొదటి ఏడాదిలో పూర్తి చేయి అని. అవి 120లోకి రావు. నాకు తెలిసిన ఒకతనికి మూడు పడ్డాయి, అతను వాటిని ఎలక్టివ్స్ అనుకున్నాడు.

వైవాకిసిద్ధం:

యూకేది చిన్నగా చెప్తా. ఏడాది, 180 క్రెడిట్లు, ఒక్క క్రెడిట్ అంటే పది గంటలు, అందులో 60 డిసర్టేషన్. 120 క్రెడిట్ల క్లాసులు రెండు టర్మ్‌ల్లో అయిపోతాయి, వేసవి మొత్తం డిసర్టేషన్. యూరప్ లెక్కలో ఇది 90 ఈసీటీఎస్, అందుకే యూకే ఎంఎస్సీతో యూరప్‌లో పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకి అక్కడక్కడా 120 లేవు కదా అనే ప్రశ్న ఎదురవుతుంది, ముందే కనుక్కోండి.

పాస్ 50 శాతం, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. మనకి 70 అంటే చిన్నచూపు కానీ అక్కడ 70 తెచ్చుకోవడానికి చొక్కా తడిసిపోతుంది. ఒకటి రెండు మాడ్యూళ్లలో కొంచెం తగ్గితే మిగతావాటి బలంతో సర్దుబాటు చేసే రూల్ చాలాచోట్ల ఉంది కానీ డిసర్టేషన్‌కి అది వర్తించదు. రీసిట్‌లో, అంటే ఫెయిలయ్యాక మళ్లీ రాసే పరీక్షలో పాసైతే ఆ మార్కుని 50 దగ్గర కట్టేస్తారు. మధ్యలో ఆపేయాల్సి వస్తే 60కి సర్టిఫికెట్, 120కి డిప్లొమా ఇచ్చి పంపుతారు, చేతులూపుకుంటూ రానక్కర్లేదు.

ఏడాదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. మొదటి టర్మ్ పరీక్షలు అయ్యేసరికే డిసర్టేషన్ టాపిక్ అడుగుతారు.

గేట్‌దాటినోడు:

అందరూ బయటి దేశాల గురించే రాస్తున్నారు కాబట్టి ఎంటెక్ గురించి ఒక ముక్క. ఇక్కడ థీసిస్ లేని దారి దాదాపు లేదు. మొదటి ఏడాది కోర్సులు, రెండో ఏడాది మొత్తం డిసర్టేషన్, రెండు ఫేజులు. ఫేజ్ 1 అంటే లిటరేచర్ రివ్యూ రాస్తే చాలనే ఒక భ్రమ ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. ఫేజ్ 1 రివ్యూలో కనీసం మోడల్ వాలిడేషన్ (మన మోడల్ ఇచ్చే ఫలితాలు ముందే తెలిసిన ఫలితాలతో కలుస్తున్నాయని చూపడం) అయినా చూపించకపోతే ఫేజ్ 2లో గైడు, ప్యానెల్ ఇద్దరూ కలిసి ఆడుకుంటారు. హాజరు 75 శాతం సంగతి చెప్పక్కర్లేదు, స్టైపెండ్ తీసుకునేవాళ్లకి ల్యాబ్ డ్యూటీలు కూడా ఉంటాయి, ఆ గంటలు థీసిస్‌లోంచే పోతాయి. అమెరికా ఎంఎస్‌కీ దీనికీ తేడా ఏంటంటే అక్కడ కోర్సుల్లో జారితే థీసిస్ పేరు చెప్పి బయటపడలేం, ఇక్కడ కోర్సులన్నీ గట్టెక్కినా థీసిస్ దగ్గర ఆరు నెలలు ఎక్స్‌టెన్షన్‌లో కూర్చున్నవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఉంటారు.

టర్బైన్‌బాబు:

అప్‌డేట్. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌ని కలిశాను. మెషీన్ లెర్నింగ్ కోర్సుకి ఒప్పుకున్నారు, గ్రాఫ్‌పేపర్ అన్న చెప్పినట్టే దానికి రెండు నంబర్లున్నాయి, 500 నంబరుదే తీసుకోమన్నారు. మెయిల్‌లో కూడా రాయించుకున్నా. వచ్చే సెమిస్టర్‌కి అది, వైబ్రేషన్స్, ఇంకా కంబషన్ ప్రొఫెసర్ దగ్గర ఇండిపెండెంట్ స్టడీ. థీసిస్ మాట ఆయన ఎత్తారు, నేను ఇంకా అవునని అనలేదు, ఆయన బర్నర్ రిగ్ పనిచేస్తోందా అని మాత్రం అడిగాను, ‘దాదాపు’ అన్నారు.

మూడోసంతకం:

‘దాదాపు’ అంటే ఏంటో వాళ్ల ల్యాబ్‌లో ఉన్న పీహెచ్‌డీ వాళ్లని అడగండి, ప్రొఫెసర్‌ని కాదు. పోయిన సెమిస్టర్‌లో ఆ రిగ్ మీద ఎవరైనా డేటా తీశారా అని సూటిగా అడగండి చాలు.

ఇంకో సంగతి, చివరి సెమిస్టర్ మొదట్లోనే డిగ్రీకి అప్లై చేయాలి. అన్ని క్రెడిట్లూ పూర్తయితే డిగ్రీ వాళ్లే పంపుతారనుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. అప్లికేషన్ పెట్టకపోతే ఆడిట్ మొదలే కాదు.

నట్టుబోల్టు:

ఆ అప్లికేషన్‌లో పెట్టే కోర్సుల లిస్టూ ప్లాన్ ఆఫ్ స్టడీలో ఉన్న లిస్టూ ఒకటే అయ్యుండాలి. మధ్యలో ఏ కోర్సు మార్చినా అప్పటికప్పుడే సవరణ ఫారం వేసేయ్. వైబ్రేషన్స్ నిండిపోయి ఇంకోటి తీసుకున్నావనుకో, ఆ రోజే వేయాలి, రెండేళ్ల తర్వాత కాదు.

టర్బైన్‌బాబు:

వైబ్రేషన్స్ నిజంగానే నిండిపోయింది, వెయిట్‌లిస్టులో ఉన్నా. ఫారం లింక్ ఓపెన్ చేసి పెట్టుకున్నా.